స్వామి ఎడమ

ముందు బొమ్మ తిన్నగా ఉండాలి, తర్వాత రంగు, ఆ తర్వాత వెలుతురు. మా నాయన జిలాని నేర్పిన వరస ఇది. నంద్యాల గాంధీ చౌక్ దగ్గర మా స్టూడియో మెట్లెక్కిన నాటి నుంచి ఎన్ని కెమెరాలు మారినా ఈ వరస మారలేదు, కాబట్టి రేష్మా, ముందు తిన్నగా చెయ్యి, మిగతా బాధలు తర్వాత పడుదువు గాని. ఇప్పుడు పది. పదకొండుకు బెంగళూరులో ఏడుగురు కమిటీవాళ్లు పెద్ద టీవీ ముందు కూర్చుని, తమ అపార్ట్‌మెంట్ల మధ్య కట్టుకున్న గుడికి చెక్కించుకున్న వినాయకుణ్ణి నా కెమెరాలోంచి చూస్తారు. చూసి తీసుకుంటామనైనా అంటారు, వద్దనైనా అంటారు. ఆ వినాయకుడు నా ఎదురుగానే, ఆళ్లగడ్డలో శిల్పి బాలసుబ్రహ్మణ్యం ఆచారి కొట్టంలో, ఇసుక మీద పరిచిన గోనెసంచుల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆచారిని నేను పెద్దనాయన అంటాను. పెద్దనాయన తన కొట్టంలో ఏ దేవుణ్ణీ లేపి కూర్చోబెట్టడు. పని పూర్తయినా సరే, ఈడ పండుకునేదే, ఆయప్ప లేచి కూచునేది ఆయప్ప గుళ్లోనే అంటాడు. ఎవరెంత బతిమాలినా వినడు. పడుకున్న దేవుణ్ణి ముఖాముఖి చూపించాలంటే కెమెరా పైకెక్కాల్సిందే, అందుకే దేవుడి పాదాలవైపు ఉన్న ఇనుప పైపుకు దాన్ని బిగించాను. కెమెరాకు బిగించే మర ఉండేది అడుగున ఒక్కచోటే. పైపుకు వేలాడదీస్తే అడుగు పైకి పోతుంది, కెమెరా తలకిందులవుతుంది, అది తలకిందులైతే తెరలో దేవుడూ తలకిందులవుతాడు. ఇదిగో, ఇప్పుడు అలాగే ఉన్నాడు, కిరీటం కిందికీ పాదాలు పైకీ, బొజ్జ మాత్రం ఎటు తిప్పినా బొజ్జే.

తిప్పడానికి కెమెరాకు తగిలించిన ల్యాప్‌టాప్‌లో, సెట్టింగుల్లో రెండు మీటలున్నాయి. ఒకటి పైకిందులు మారుస్తుంది, రెండోది కుడిఎడమలు మారుస్తుంది. వేలాడే కెమెరాకు రెండూ వేయాలి. ఇంత చిన్న సంగతి. ఇరవై రోజుల కిందట, కమిటీకి పంపడానికి మొదటి వీడియో తీసిన రోజు, ఇదే పైపుకు ఇదే కెమెరా కట్టి మొదటి మీట వేశాను, కిరీటం పైకొచ్చింది, హమ్మయ్య అనుకున్నాను, రెండోది వేయలేదు. ఆ రోజు నా బుద్ధంతా రాతి నలుపు మీదే ఉంది. తల పైకొచ్చిన దేవుడు అద్దంలో దేవుడైపోయాడు, ఎడమకు తిరిగిన తొండం కుడికి తిరిగింది. తొండం సంగతి నాకేం తెలుసు. తొండం ఉందా, ఉంది, అంతవరకే చూశాను. ఎడమ తొండం వినాయకుడు శాంతుడనీ, ఏ పూటకు ఏది పెడితే అది తిని సర్దుకుపోతాడనీ, కుడి తొండం ఆయనకు నియమం ఒక్క రవ్వ తప్పినా పనికిరాదనీ, అందుకే మామూలు జనం ఆయన జోలికి పోవడానికి జంకుతారనీ తర్వాత తెలిసింది, గొడవైపోయాక తెలిసింది.

గొడవంటే అలాంటిలాంటి గొడవ కాదు. కమిటీ పెద్ద పుష్పావతమ్మ, రిటైరైన లెక్కల టీచరు, సొంతూరు బనగానపల్లె. బెంగళూరులో పాతికేళ్ల నుంచీ ఉన్నా మాట ఇక్కడిదే. "మేము ఎడమ తొండమంటే కుడి తొండం చెక్కినావు ఏందప్పా" అని ఆమె ఫోన్లో అడిగింది. పెద్దనాయన నవ్వాడట. యాభై ఏళ్లలో ఇలాంటి మాట ఎన్నిసార్లు విన్నాడో. చూసేవాళ్లు తమ ఎడమను ఎడమంటారు, శిల్పి దేవుడి ఎడమను ఎడమంటాడు, ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకు ఈ రెండూ ఎప్పుడూ ఒకటి కావు. "మీ ఎడమ కాదమ్మా, స్వామి ఎడమ" అన్నాడు. "నాకు పాఠం చెప్తాండావా? స్వామి ఎడమ ఏదో నాకు తెల్దా?" అని ఆమె. ఆమె చూసిన వీడియోలో ఆమెదే నిజం, ఆయన చెక్కిన రాతిలో ఆయనదే నిజం. ఇద్దరూ నిజమే చెప్పుకుంటూ ఇన్నాళ్లు తిట్టుకున్నారు, అబద్ధం చెప్పిన నా కెమెరా మాత్రం సంచిలో మెత్తటి గుడ్డ చుట్టుకుని హాయిగా నిద్రపోయింది. చివరికి పుష్పావతమ్మ ఒక మెట్టు దిగి, లైవులో చూపించు, ఏడుగురం కూచోని చూస్తాం, కుడి తొండమే అయితే ఇంకో ఊళ్లో చెక్కించుకుంటాం అంది. ఎనిమిది నెలల పని ఆ మాట మీద నిలబడింది. అప్పుడు పెద్దనాయన నాకే ఫోన్ చేశాడు. "నీ తప్పేం ల్యాదు పాపా, నువ్వు బాగనే తీసినావు. వాళ్లకే ఎడమ తెల్దు. మళ్లా నువ్వే వచ్చి చూపియ్యాల" అన్నాడు.

ఆయన ఫోన్ పెట్టేశాక పాత వీడియో తెరిచాను. అది మూడు రోజుల కిందటి మాట. తొండం వైపు చూసి చూసి ఏమీ తేల్చుకోలేకపోయాను, ఎడమంటే ఎవరి ఎడమో అని నాకూ తిక్క పట్టింది. అంతలో తెర మూలలో ఉమామహేశ్వరమ్మ పెద్దమ్మ, ఆచారి భార్య, చెంబుతో నీళ్లు తెచ్చిపెట్టి వెళ్లింది. ఆమె పమిట కుడి భుజం మీద ఉంది. పన్నెండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను, కొన్ని వేల పమిటలు చూసుంటాను, ఆడవాళ్లు పమిట సర్దుకునేలోపు కెమెరాను పక్కకు తిప్పడం నా ఉద్యోగంలో సగం. పెద్దమ్మ కుడి భుజం మీద పమిట వేయడం నేనెన్నడూ చూడలేదు. తొండంలో నాకు కనిపించని తప్పు పెద్దమ్మ పమిటలో కనిపించింది. లేచి నీళ్లు తాగాను. ఏందీ అట్లున్నావు అని షబ్బీర్ అడిగాడు. ఏం లేదన్నాను. షబ్బీర్ నా మొగుడు, మోటార్లకు తీగ చుట్టే షాపు అతనిది, ఒక చుట్టు తప్పు పడితే మోటారంతా విప్పి మొదటి నుంచి చుట్టే రకం. అతనికి చెబితే ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్ అంటాడు, అందుకే చెప్పలేదు.

ఈ పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒకటే మాట మనసులో కూడబలుక్కున్నాను. పెద్దనాయనా, తప్పు నాది. మూడే మాటలు. ఆళ్లగడ్డకు పోయేటప్పుడు నల్లమల ఎడమచేతి కిటికీలో ఉంటుంది, వచ్చేటప్పుడు కుడిచేతి కిటికీలోకి వస్తుంది, కొండ మాత్రం కదలకుండా ఉన్నచోటే ఉంటుంది. ఇన్నేళ్లు ఇదే దారిలో తిరుగుతూ ఈ సంగతి ఎందుకు పట్టించుకోలేదో. శిరివెళ్ల దాటాక బుద్ధి గడుసుగా మాట్లాడటం మొదలుపెట్టింది. చెప్పడం దేనికి, ఈరోజు రెండు మీటలూ వేసేయ్, తొండం ఎడమకే కనిపిస్తుంది, వాళ్లూ సంతోషం, ఈయనా సంతోషం, నిన్నెవరు అడుగుతారు? ఈ తెలివి పది నిమిషాలు బాగానే పనిచేసింది. అడుగుతారు, ఎందుకు అడగరు. లెక్కల టీచరు అడగకుండా ఊరుకుంటుందా? ఆ రోజు కుడికున్న తొండం ఈరోజు ఎడమకెలా వచ్చింది, రాయి తిరగదు కదా, అంటే విగ్రహమే మార్చినావు, ఎవరికో చెక్కింది మాకు అంటగడుతున్నావు అంటుంది. నేను నోరు మూసుకుంటే నా పేరు నిలుస్తుంది, ఆయన దొంగవుతాడు. నోరు తెరిస్తే ఆయన పేరు నిలుస్తుంది, నా సంగతి దేవుడెరుగు. ఆళ్లగడ్డలో ఎనిమిది కొట్టాలవాళ్లు విగ్రహం పూర్తయితే నన్నే పిలుస్తారు, రేష్మా తీస్తే రాయి రాయిలాగే ఉంటుందని చెప్పుకుంటారు. దేవుణ్ణే తిరగేసిన పిల్ల అని పేరు పడితే మళ్లీ ఎవరు పిలుస్తారు? బస్సు దిగి, కొట్టం దాకా నడిచి, పెద్దనాయన మొహం చూడగానే ఆ మూడు మాటలూ ఎటు పోయాయో పోయాయి. ఆయన నన్ను చూసి అంత సంతోషపడ్డాడు.

సరే, రెండు మీటలూ వేశాను. స్వామి తిన్నగా ఉన్నాడు, తొండం ఆయన ఎడమకే ఉంది. తర్వాత రంగు. కొట్టం పైన నీలం పట్టా కప్పారు, ఎండంతా దానిలోంచి దిగి వస్తోంది, నల్లరాయి తెరలో సిరా పోసినట్టుంది. కెమెరాకు ఏదో ఒక తెల్లని వస్తువును చూపించి ఇది తెలుపు అని చెప్పాలి, దాన్నిబట్టి మిగతా రంగులు అదే సర్దుకుంటుంది. చెప్పింది చెప్పినట్టు నమ్ముతుంది, దానితో వచ్చిన తంటా అదే. మా నాయన ఒకసారి ఆత్మకూరులో పెళ్లికి పోయి, తెల్లది ఏదీ దొరక్క పెళ్లికొడుకు మేనమామ కట్టుకున్న కొత్త పంచెను కెమెరాకు చూపించాడు. ఆ పంచెకు ఆ పొద్దునే నీలిమందు పెట్టి ఆరేశారు. మన కంటికి అది మల్లెపూవే, కెమెరా కంటికి నీలం. నీలాన్నే తెలుపనుకున్న కెమెరా పెళ్లంతటిలోంచి నీలం తీసేసింది, పందిరి, జనం, పెళ్లికూతురు, అన్నం రాశి, అన్నీ పసుప్పచ్చగా వచ్చాయి. మా నాయన వారం రోజులు భయపడి క్యాసెట్ ఇవ్వలేదు. ఇచ్చాక పెళ్లికూతురి అమ్మ స్టూడియోకే వచ్చి, మా పిల్ల ఒంటి మీద పసుపు ఎంత బాగా పట్టిందో, ఇట్ల ఎవరూ తీయలేదు జిలానీ అని మెచ్చుకుని స్వీట్లు ఇచ్చి పోయింది. ఆ తర్వాత ఆ బంధువుల్లో ఎవరి పెళ్లైనా ఆ పసుపే కావాలనేవాళ్లు. నాయన ప్రతిసారీ ఒక నీలం పెట్టిన గుడ్డ వెంట తీసుకుపోయేవాడు. నాకు పని నేర్పిన మొదటి రోజే ఈ కథ చెప్పాడు. వాళ్లకు చెప్పినావా నాయనా అని అడిగాను. "ఎందుకు చెప్పాల? ఎవురికి నష్టం మే? సంతోషపడినారు" అన్నాడు. నిజమే, ఎవరికి నష్టం. అప్పట్నుంచీ తప్పుల్ని నేను ఆ లెక్కనే తూస్తున్నాను, ఈ మూడు రోజుల్నుంచే ఆ తూనిక కుదరడం లేదు.

తెల్ల అట్ట ఇంట్లోనే మరిచిపోయి వచ్చాను, మూడు మాటలు కూడబలుక్కుంటూ వస్తే ఇలాగే ఉంటుంది. పెద్దమ్మ టీ ఇస్తూ నేను వెతుక్కోవడం చూసి, "తెల్లది కావాల్నా? మీ పెద్దనాయన ఉతికిన పంచె తెస్తానుండు" అంది. నేను నవ్వాపుకోలేక, వద్దు పెద్దమ్మా, నువ్వు నీలం పెడతావు కదా అన్నాను. ఎందుకు నవ్వుతున్నానో ఆమెకు తెలియదు, అయినా ఆమె కూడా నవ్వింది. అప్పుడు కనిపించింది, విగ్రహం మోకాలి పక్కన, గోనెసంచి మీద, ఎనిమిది నెలల నుంచి రాలిన పొడి. నల్లరాతి పొడి నల్లగా ఉండదు. అంత నల్లటి రాతిని గీస్తే అంత తెల్లటి పొడి ఎలా వస్తుందో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. దోసెడు తీసుకుని ఒక గోనెముక్క మీద పోసి అరచేత్తో చదును చేసి, దాన్ని కెమెరా కిందికి జరిపి, ఇదిగో ఇది తెలుపు అని చెప్పాను. అది నమ్మింది. నీలమంతా ఒక్కసారిగా వెళ్లిపోయింది. గోనెసంచి గోనెసంచి రంగులోకి, ఇసుక ఇసుక రంగులోకి వచ్చాయి, ఆ మధ్యలో స్వామి తన రంగులోకి వచ్చాడు. చేతులు దులుపుకుంటే చీర మీద పడింది, పడనీ. ఇలాంటి క్షణాల్లో ఈ పని నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఎవరూ లేకుండా ఇలా రంగులు సర్దుకుంటూ కూర్చోమంటే సాయంత్రం దాకా కూర్చుంటాను.

"నూనె పట్టిస్తా పాపా, నిగనిగలాడతాడు" అంటూ పెద్దనాయన గుడ్డ ముంచుకుని వచ్చాడు. వద్దు పెద్దనాయనా, మెరిస్తే తెల్ల మచ్చలు పడతాయి, నలుపు నేను చూపిస్తా కదా అన్నాను. "రాతికి నలుపు నువ్వు చూపిస్తావా? సరే కానీ" అని గుడ్డ పక్కన పడేశాడు. ఒకసారి తెరలో చూడమన్నాను. అలా చూస్తుండగా చెప్పేద్దామని. "ఎనిమిది నెలలు చూసినా దీన్ని. మళ్లా నీ డబ్బాలో చూడాల్నా?" అన్నాడు. ఆ రోజూ ఇదే అన్నాడు. ఆ రోజు ఒక్క చూపు చూసుంటే ఇంత జరిగేది కాదు, కానీ ఆ మాట అనడానికి నాకేం హక్కుంది. ఆయన గడప మీద కూర్చుని ఉలి మొన చూసుకుంటున్నాడు, నేను వెలుతురు దగ్గరికి వచ్చాను.

వెలుతురును కెమెరాకే వదిలేస్తే నలుపును నలుపుగా ఉండనివ్వదు. ఎదురుగా నల్లగా ఏది ఉన్నా, అయ్యో ఇక్కడ వెలుతురు చాలలేదనుకుని పెంచుతుంది, పెంచి పెంచి బూడిద చేస్తుంది. పెళ్లిళ్లకొచ్చే జనం కూడా అంతే, అక్కా కొంచెం బ్రైటుగా అంటారు, కొంచెం అంటే ఎంతో వాళ్లకూ తెలియదు, ఆల్బమ్ చూస్తే తల్లి బిడ్డను పోల్చుకోలేదు. నేను నల్లగా ఉంటాను. సంబంధాలు చూసేటప్పుడు నా ఫోటో తీసింది నాయనే. మా అమ్మ మాబూబీ చెవిలో చెప్పినట్టు చెప్పింది, కొంచెం తేల్చు అని. నాయన వినలేదు, పిల్ల ఎట్లుంటే అట్లనే పోవాల అని ఉన్నదున్నట్టు ప్రింటు వేశాడు. రెండు సంబంధాలు ఫోటో దగ్గరే ఆగిపోయాయి. మూడోది షబ్బీర్, వాళ్లమ్మతో వచ్చి కూర్చుని, నేను టీ పెట్టగానే తలెత్తి, "ఫోటోలో ఉన్నట్టే ఉండావే" అన్నాడు. పొగిడాడో ఏమో ఇప్పటికీ అడగలేదు. పదేళ్లయింది, నాకు బాగానే ఉంది. వెలుతురు ఒక్కో మెట్టు తగ్గించుకుంటూ పోయాను. బూడిద పోయింది, ఇనుము రంగు పోయింది, ఇంకొంచెం, ఇంకొంచెం, బొజ్జకు చుట్టిన పాము పొలుసులు మాసిపోయేంత కాదు, అదిగో అక్కడ ఆగింది. రాయి రాయంత నల్లగా వచ్చింది.

పదిన్నర దాటింది. పెద్దనాయనా అని పిలిచాను. ఊ అన్నాడు. ఆ వీడియో ఉంది చూడు, మొన్నటిది, అన్నాను. "ఆ వీడియో మాట ఎత్తొద్దు పాపా. నువ్వు బాధపడతాండావని నాకు తెలుసు. నీ పని నువ్వు చేసినావు, కండ్లు లేకపోతే వాళ్లకు లేవు" అని లేచి వచ్చి నా నెత్తిన చెయ్యి పెట్టాడు. ఆ చేతి బరువుకు నా మాట లోపలికే పోయింది. తర్వాత కేబుల్ చూశాను, ల్యాప్‌టాప్ చూశాను, సిగ్నల్ చూశాను, చూసినవే మళ్లీ చూశాను. పిరికిదాన్ని అని అప్పుడు ఒప్పుకున్నాను, ఎవరూ వినకుండా ఒప్పుకోవడం తేలికే.

పదకొండుకు రెండు నిమిషాల ముందే బెంగళూరు వచ్చింది. ఏడు మొహాలు, ముందు వరసలో కళ్లద్దాలతో పుష్పావతమ్మ. "నలుపు బాగుండాదప్పా" అని ఆమే మొదలుపెట్టింది. పెద్దనాయన మీసంలో నవ్వుకున్నాడు. తర్వాత ఆమె టీవీ దగ్గరికి వంగింది.

"ఆగు. తొండం ఎడమకే ఉండాది గదా."

"నేను చెప్పల్యా తల్లీ? స్వామి ఎడమ."

"ఉండప్పా. మొన్నటి వీడియోలో కుడికుండె. నేనొక్కదాన్నే కాదు, ఏడుగురం చూసినాం. రాయి ఎట్ల తిరిగింది? ఇది మాకు చెక్కిన వినాయకుడేనా, ఇంకోటి తెచ్చిపెట్టినావా?"

బస్సులో నేను అనుకున్నవే, దాదాపు ఆ మాటలే. పెద్దనాయన అరుస్తాడనుకున్నాను. అరిచుంటే నేను ఇంకొంచెం సేపు దాక్కునేదాన్నేమో. ఆయన అరవలేదు. దేవుడి మోకాలి మీద చెయ్యి వేసి, రాతివైపు చూశాడు, నావైపు చూశాడు. యాభై ఏళ్లలో ఆలస్యమైందన్నవాళ్లున్నారు, ముక్కు బాగాలేదన్నవాళ్లున్నారు, నీ రాయి నీది కాదన్నవాళ్లు లేరు. "ఏం మాట్లాడతాండావు తల్లీ" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు తెలియదు.

"అమ్మా, తిప్పింది నేను" అన్నాను.

నేను కూడబలుక్కున్న మాటలు కావవి. ఆ తర్వాత ఏ మాట ముందో ఏది వెనకో తెలియకుండా చెప్పేశాను, కెమెరా వేలాడుతుంది, తలకిందులవుతుంది, రెండు మీటలు వేయాలి, ఆ రోజు ఒకటే వేశాను. వాళ్ల మొహాలు చూస్తే ఒక్క ముక్కా ఎక్కినట్టు లేదు. అందుకని చెయ్యి చాపి రెండో మీట తీసేశాను. ఏడుగురి ముందు తొండం అటు తిరిగింది. ఎవరో అమ్మో అన్నారు. మీట వేశాను, ఇటు తిరిగింది. "రాయి తిరగల్యాదమ్మా, నా డబ్బా తిరిగింది. పెద్దనాయన తప్పు ల్యాదు, మీ తప్పూ ల్యాదు. తప్పు నాది. మూడు దినాల నుంచి తెలిసి కూడా చెప్పల్యా." ఆ చివరి మాటే అన్నిటికంటే కష్టంగా వచ్చింది.

"ఎందుకు చెప్పల్యాదు మే?"

"భయపడినానమ్మా."

పుష్పావతమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నా క్లాసులో తప్పు చేసినోళ్ల కంటే దాచినోళ్లకే దెబ్బలు ఎక్కువ పడేవి" అంది. "బెంగళూరులో ఉండా కాబట్టి బతికిపోయినావు ఫో" అని నవ్వేసింది. ఆమె వెనక ఆరుగురూ నవ్వారు. "ఆచారీ, అనరాని మాట అన్నా, మనసులో పెట్టుకోవాకు. వినాయకుడు మావాడే, తీసుకుంటాం." అటు తర్వాత వాళ్లలో వాళ్లు ముహూర్తమనీ లారీ అనీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

నేను తల ఎత్తలేదు. పెద్దనాయన లేచి వచ్చిన అడుగుల చప్పుడు వినిపించింది. తిడతాడు, తిట్టనీ, తిడితే బాగుండు. ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని తెరలోకి చూస్తున్నాడు. "మళ్లా తిప్పు" అన్నాడు. తిప్పాను. తొండం కుడికి పోయింది. ఆయన చాలాసేపు చూశాడు. "ఇట్ల తిప్పు." తిప్పాను. "మళ్లా అట్ల." మూడోసారికి కనుబొమలు ముడిపడ్డాయి. "ఆ చెవి చూడు" అన్నాడు. చూశాను, నాకేమీ కనిపించలేదు. "స్వామి కుడి చెవి, కింది అంచు. నూలు మందం ఎక్కువుండాది. ఎనిమిది నెలలు ఒక్క తట్టే చూసి చూసి నా కన్ను దానికి అలవాటు పడిపోయింది. ఇట్ల తిప్పితే ఎవరో చెక్కిన రాయి మాదిరి కనపడతాండాది, తప్పు తెలిసిపోతాండాది." వాళ్లకు వినబడకుండా గొణిగినట్టే అన్నాడు. బెంగళూరువాళ్లు ఇంకా లారీ మాటల్లోనే ఉన్నారు. నూలంటే ఎంత, రెండు బియ్యపు గింజలంత. ఏడుగురిలో ఎవరికీ కనిపించలేదు, జన్మలో కనిపించదు. తీసుకుంటామని చెప్పేశారు కూడా. కాల్ పెట్టేయమంటావా పెద్దనాయనా అని అడిగాను, పెట్టేస్తే ఆయన నిదానంగా సరిచేసుకుంటాడు, ఎవరికీ తెలియదు అనుకున్నాను. నా బుద్ధి ఇంకా అక్కడే ఉంది.

"పెట్టొద్దు" అని ఆయన ల్యాప్‌టాప్ దగ్గరికి వంగాడు. "తల్లీ, ముహూర్తం అప్పుడే పెట్టుకోవాకండి. నా పనిలో తప్పుండాది. చెవి నూలు లావుగా ఉండాది. రెండు దినాలు కావాల."

"మాకేం కనపడల్యాదే" అంది పుష్పావతమ్మ.

"నాకు కనపడె గదా తల్లీ. ఇంత పిల్ల తన తప్పు తను చెప్పుకుండె, నాది నేను చెప్పొద్దా?"

పుష్పావతమ్మ, సరే ఆచారీ, నీ ఇష్టం వచ్చినన్ని దినాలు తీసుకో అంది, ఆ గొంతులో టీచరు లేదు. బెంగళూరు వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలుసు, ఆపుకోలేదు. పెద్దమ్మ గడప దగ్గర నిలబడి అంతా విన్నట్టుంది, నా చేతిలోకి ఇంకో టీ గ్లాసు తోసి పోయింది. పెద్దనాయన సన్న ఉలి ఏరుకుని దేవుడి తల పక్కన చతికిలబడ్డాడు. నేను కళ్లు తుడుచుకుని, రెండో మీట మళ్లీ వేసి బొమ్మను సరిచేద్దామని చెయ్యి చాపాను.

"ముట్టుకోవాకు" అన్నాడు తల తిప్పకుండానే. "తప్పుగానే ఉండనీ పాపా. దాని మొహం నా పక్కకు పెట్టు."

ల్యాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పి పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఒకసారి తెరలోకీ ఒకసారి రాతివైపూ చూసుకుని, ఉలిని చెవి అంచుకు ఆనించాడు.